నొక్కీమంతావా, సెల్లీ?

మా డిగ్రీ బ్యాచి వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో పడ్డప్పుడు నేను ఆసుపత్రి కౌంటర్లో కూర్చుని ఎవరికో టోకెన్ ఇస్తున్నాను. ఫొటో కింద ‘మన అక్క ఇక లేదు’ అని ఒక్కటే ముక్క. జ్వరం అన్నారట, పల్లెలో మందులతో సరిపెట్టుకున్నారట, విజయనగరం తీసుకొచ్చేసరికే చేయి దాటిపోయిందట. కాసేపట్లో గ్రూపు నిండా దండాలు. ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ లేనివాళ్ళు కూడా రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి వెళ్ళిపోయారు. నేను పెట్టలేకపోయాను.

ఆ ఫొటో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో, ఫేర్‌వెల్ రోజున ఎవరో తీసింది. ఇప్పుడు అక్క ఒక్కతే కనపడేలా కత్తిరించి పెట్టారు. నీలం చీర, నూనె పెట్టి బిగించి అల్లిన జడ, నవ్వాలా వద్దా అని మధ్యలో ఆగిపోయిన మూతి. కుడివైపు అంచున, కత్తిరింపుకి దొరక్కుండా మిగిలిపోయిన చెయ్యి ఒకటుంది. మట్టిగాజుల చెయ్యి, మౌసు మీద. చూసినవాళ్ళంతా అది అక్క చెయ్యే అనుకుని ఉంటారు. అది నాది. డిగ్రీలో ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క మౌసు, అది నా చేతిలోనే ఉండేది.

మాది చీపురుపల్లి. నాన్నకి బజార్లో కిరాణా కొట్టు. నేను బియ్యేలో చేరింది చదువు మీద మోజుతో కాదు, ఇంట్లో ఖాళీగా ఉంటే కొట్లో కూర్చోబెడతారన్న భయంతో. బియ్యే వాళ్ళకి కూడా కంప్యూటర్ పేపరు ఉంటుందని తెలిసిన రోజు మా క్లాసులో సగంమంది ముఖాలు మాడిపోయాయి. చరిత్ర, రాజనీతి చదువుకునేవాళ్ళకి మౌసెందుకు సార్ అని ఒకడు లేచి అడిగాడు కూడా. అది పాసవకపోతే డిగ్రీ రాదు కాబట్టి అన్నారు సారు. అంతకన్నా మంచి కారణం ఆ తర్వాత కూడా మాకెవరూ చెప్పలేదు.

ల్యాబు మేడ మీద ఉండేది. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట చూసినవాళ్ళకి లోపల ఏదో వ్రతం జరుగుతోందేమో అనిపించేది. కిటికీలకి మందపాటి తెరలు, కంప్యూటర్లకి గుడ్డ ముసుగులు, గోడ మీద ఎర్రరంగుతో ‘సేవ్ చేయరాదు’ అని పెద్ద అక్షరాలు. ఉన్న కంప్యూటర్లలో సగం పని చేసేవి కావు. పని చేసేవాటి ముందు ఇద్దరేసి కూర్చోవాలి. రోల్ నంబరు వరసలో నా పక్క కుర్చీ అక్కకి పడింది.

మా అందరికన్నా పదేళ్ళు పెద్దది. ఊరి పక్క ఫ్యాక్టరీలో కూలికి వెళ్ళే భర్త, బడికి వెళ్ళే కొడుకు. ఇంటరుతో ఆగిపోయిన చదువుని మళ్ళీ ఎత్తుకుని, పొద్దున్నే వంట చేసి, ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కాలేజీకి వచ్చేది. ఆదివారాలు వాళ్ళ పేటలోని చర్చిలో పిల్లల్ని కూర్చోబెట్టి బైబిలు కథలు చెప్పేది. కాలేజీలో ఆమెని అందరూ అక్క అనే పిలిచేవారు. లెక్చరర్లు కూడా అక్కా అనేసరికి మాత్రం సిగ్గుతో తల దించుకునేది. వాళ్ళలో ఇద్దరు ఆమెకి బాబాయిల వయసువాళ్ళు మరి.

ఈ వయసులో చదువెందుకక్కా అని మొదటి వారంలోనే అడిగాను. నాకు నోరు ఆగదు.

“వార్డెన్ అవుతాను, సెల్లీ” అంది వెంటనే, ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు. “బొబ్బిల్లో హాస్టల్లో ఉండి సదువుకున్నాను నాను. ఆ పప్పుంతాది సూడూ, అందులో మొకాలు సూసుకునీవోలం. గింజ దొరికినోలు ఆ రోజుకి రాజులు. నాను వార్డెనయితే పప్పులో గరిటి ఇలాగ నిలబడాల.”

ఇలాగ అంటూ కుడిచెయ్యి నిట్టనిలువుగా, వేళ్ళు పైకి, మోచెయ్యి బల్ల మీద ఆన్చి చూపించింది. ఆ చెయ్యి కాసేపలాగే నిలబడి ఉంది. ఆ తర్వాత ఆ గరిటెని నేను ఎన్నిసార్లు చూశానో. సెమిస్టర్ ఫలితాలొచ్చినప్పుడు, ఆటో దొరక్క రోడ్డు మీద నిలబడ్డప్పుడు, క్లాసులో ఎవరైనా ‘నీకెందుకక్కా ఈ తిప్పలు’ అని జాలిపడ్డప్పుడు, నోటితో ఏమీ చెప్పకుండా చెయ్యి అలా నిలబెట్టేది. మేము నవ్వేవాళ్ళం. తనూ నవ్వేది.

కంప్యూటర్ ముందు మాత్రం అక్క వేరే మనిషి. ముసుగు తీసే ముందు చెంగుతో చేతులు తుడుచుకునేది. స్విచ్చి వేశాక తెర వెలిగే దాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. “ఏటక్కా, చర్చిలో ఉన్నావా?” అంటే, “ఊరుకో సెల్లీ. కుసింత ఊపిరి తీసుకోనీ దాన్ని” అనేది. తెర మీద ఏం కనిపిస్తే అది పైకి చదివేది. అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఆఖర్న ప్రతి బొత్తాం పేరూ చదివి, చూపుడు వేలు కీ మీద గాల్లో ఆపి, నా వైపు తిరిగేది.

“ఇది నొక్కీమంతావా, సెల్లీ?”

“నొక్కక్కా.”

నొక్కేది. ఏదో ఒకటి జరిగేది. “ఓలమ్మ!” అనుకునేది. మళ్ళీ వేలు లేచేది. “ఇప్పుడిది నొక్కీమంతావా?” ప్రతి కీకీ నా అనుమతి కావాలి. ఆ వేలు గాల్లో ఆగి ఉన్నంతసేపూ నాకు ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుండేది. మా నాన్న కొట్లో బిల్లులకని పాత కంప్యూటర్ ఒకటి కొనిపెట్టడంతో నాకు అప్పటికే నాలుగు ముక్కలు వచ్చు. ఆ నాలుగు ముక్కలకే ల్యాబులో నేను మహారాణిని. అక్క అడిగే మొదటి రెండు మూడు సార్లు ఓపిగ్గా చెప్పేదాన్ని. నాలుగోసారికి చెయ్యి చాపి నేనే నొక్కేసేదాన్ని. “అదీ! ఎంతసేపక్కా?” అక్క వేలు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకునేది.

అలాగని మొద్దు కాదు. ఒకసారి ఫోల్డరులో ఫోల్డరంటే ఏమిటో వెనకబల్ల పిల్లలకి ఎంతకీ అర్థం కాలేదు. అక్క కుర్చీ అటు తిప్పి, “బిందిలో సెంబున్నాది, సెంబులో గళాసున్నాది. నీకు గళాసు కావాలంటే ముందేటి తియ్యాల? బింది మూత తియ్యాల గదా” అని చేతులు తిప్పుతూ చెప్పింది. పిల్లలు ఓహో అన్నారు. ఆదివారం పిల్లలు ఆమె చుట్టూ ఎందుకు మూగుతారో నాకప్పుడు తెలిసింది. ఒప్పుకోవాలంటే కష్టంగా ఉంది గానీ, నాకు కాస్త కడుపుమంటగా కూడా అనిపించింది. మళ్ళీ యిటు తిరిగి మౌసు నేనే అందుకున్నాను.

గోడ మీది ఎర్ర అక్షరాల గురించి చెప్పాలి. మా ల్యాబు చూసుకునేది ఒక కుర్రసారు. ఆయనకి వైరస్సంటే ప్రాణభయం. ఎవరు ఏం దాచినా మిషను నిండిపోతుందనో, జబ్బు చేస్తుందనో ఆయన దిగులు. అందుకని మేం టైపు చేసిందాన్ని ఆయన వచ్చి చూసి తలూపాక, మూసెయ్యాలి. మూసేటప్పుడు దాచమంటావా వద్దా అని ఒక డబ్బా వస్తుంది. వద్దు అని నొక్కాలి. ఏడాది పొడుగునా ప్రతి క్లాసులోనూ నేర్చుకున్నదాన్ని ఆఖర్న వద్దు అని చెరిపేసి, ముసుగు వేసి, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగేవాళ్ళం. మాకెవరికీ అందులో వింత కనపడలేదు. కంప్యూటరంటే అంతే కాబోలు అనుకున్నాం.

ఒకరోజు మా పెద్దమ్మగారింట్లో పెళ్ళని నేను కాలేజీ మానేశాను. ఆ రోజు అక్కకి మౌసు దొరికింది. ఎవరినీ ఏమీ అడక్కుండా, ఒక్క వేలితో, తన ఆదివారం బడి పిల్లల పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి టైపు చేసింది. సారు చూసి బాగుందన్నారట. మూసేటప్పుడు డబ్బా వచ్చింది. అక్క సేవ్ నొక్కింది.

మర్నాడు మేం ల్యాబుకి వెళ్ళేసరికి కుర్రసారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. గోడ మీద రాసింది కనపడదా అన్నారు. ఈ సిస్టం వాళ్ళిద్దరూ నెలాఖరు దాకా మెట్లెక్కొద్దు అన్నారు. ఇద్దరూ అన్నారు. నేను పెళ్ళిలో ఉన్నాను సార్ అన్నా వినలేదు. అందరూ లోపలికి వెళ్తూ మా వైపు చూసి నవ్వుకుంటున్నారు. మహారాణిని చెప్పుల దగ్గర నిలబెట్టారు. నా కోపం ఆయన మీద చూపించలేను కదా.

“బుద్ధుందా అక్కా నీకు?” అన్నాను, అందరూ వినేలా. “గోడంత రాసుంటే చదవలేవా? దాచి ఏం చేస్తావు ఆ పేర్లని?”

అక్క కాలితో చెప్పులు వెతుక్కుంటోంది. “పిల్లల పేర్లు గదా, సెల్లీ. వద్దని నొక్కడానికి సెయ్యి రానేదు” అంది మెల్లగా.

ఆ మాట ఇప్పుడు నాకు అర్థమవుతుంది. ఆ రోజు మాత్రం ఇంకా మండింది. “చెయ్యి రాకపోతే అసలు చెయ్యే పెట్టకు. ఇంక జన్మలో ఆ సేవ్ జోలికి వెళ్ళకు, చెప్తున్నాను. నాకు మాటివ్వు” అన్నాను. నా కన్నా పదేళ్ళు పెద్దావిడ చేత, నలుగురిలో, మాట పుచ్చుకున్నాను.

“ఎల్నమ్మా. తప్పయిపోనాది. ఇంకెల్ను” అంది. ఆ ఒక్కరోజే నన్ను సెల్లీ అనలేదు, అమ్మా అంది.

నెలాఖరుకి మళ్ళీ మెట్లెక్కాం. అక్క నాతో ఎప్పటిలాగే ఉంది, పనస తొనలు తెచ్చి పెట్టింది, నవ్వింది. వేలు మాత్రం ఇంక లేవలేదు. పక్కన కూర్చుని తెర మీదవి పైకి చదివేది, నేను నొక్కేదాన్ని. నాకు హాయిగా ఉండేది. ప్రాక్టికల్ పరీక్ష రోజున బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు ఫ్యాను కింద కొబ్బరిబోండం తాగుతుంటే, పక్క కంప్యూటర్ దాకా చెయ్యి చాచి అక్కది కూడా నేనే చేసేశాను. మంచి మార్కులొచ్చాయి. అక్క మా అమ్మతో, “మీ పాప దయ వల్ల గట్టెక్కినాను” అని చెప్పింది. అమ్మ పొంగిపోయింది. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

డిగ్రీ అయ్యాక నేను విజయనగరంలో ఈ ఆసుపత్రిలో చేరాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్ ముందే. పేరు, ఊరు, వయసు, జబ్బు, సేవ్. పేరు, ఊరు, వయసు, జబ్బు, సేవ్. అక్క ఊళ్ళోనే ఉండి, పొయ్యి ముందు పుస్తకం పెట్టుకుని చదువుతోందని అప్పుడప్పుడు ఫోనులో చెప్పేది. కొన్నేళ్ళకి హాస్టల్ వార్డెన్ పోస్టులు పడ్డాయి. పరీక్ష కాగితం మీద కాదు, కంప్యూటర్ మీదే రాయాలన్నారు.

“సెల్లీ, ఒక్కపాలి మీ ఆసుపత్రికి వచ్చి కుసింత అలవాటు సేసుకోమంతావా?” అని ఫోను చేసింది.

ఆ వారం మాకు సెలవులు లేక ఊపిరాడకుండా ఉంది. “ఏముంటాదక్కా అందులో? జవాబు మీద నొక్కుకుంటూ పోవడమే. నువ్వు సబ్జెక్టు చదువుకో” అన్నాను. అలాగేలే అంది.

పరీక్ష విజయనగరం అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పెట్టారు. సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్సులో కలుసుకున్నాం. దూరం నుంచే అక్క నడకలో తెలిసిపోతోంది. అంత సంతోషంగా ఆమెని నేనెప్పుడూ చూడలేదు. వస్తూనే వేరుశెనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టింది.

“ఓలమ్మ సెల్లీ! అన్నీ నాను సదివినవే. తెల్నిది ఒక్కటి నేదు!”

“కంప్యూటర్ ఇబ్బంది పెట్టలేదా?”

“ఏటి ఇబ్బంది? ముందల ఏటో సాంతాడంత రాసున్నాది, టైమైపోతాదని కిందకి నెట్టీసినాను. జవాబు మీద సుక్క ఎట్టడం, పక్కన నంబర్లున్నాయి గదా, రెండో నంబరు మీద నొక్కడం. మల్లా సుక్క, మల్లా నంబరు. నాను సేసిన నంబర్లన్నీ ఎర్రగా అయిపోనాయి. ఆకరికి మొత్తం ఎరుపే, సెల్లీ. సూడ్డానికి ఎంత బాగున్నాదో.”

నా నోట్లో వేరుశెనక్కాయ అలాగే ఉండిపోయింది. ఇలాంటి పరీక్షలు మా తమ్ముడు రాస్తే పక్కన కూర్చుని చూసినదాన్ని. జవాబు నమోదైతే ఆ నంబరు ఆకుపచ్చగా మారాలి. ఎరుపంటే చూసి వదిలేసినట్టు.

“అక్కా, కింద సేవ్ అని ఉంటాది కదా” అన్నాను.

“ఉన్నాది, ప్రెతి దాని కిందా. నానెందుకెల్తాను దాని జోలికి? నీకు మాటిచ్చినాను గదా” అని నా బుగ్గ గిల్లింది.

అప్పుడు చెప్పాలి నేను. చెప్పలేదు. ఒకవేళ దానంతటదే నమోదవుతుందేమో అనుకున్నాను. అవ్వదని తెలుసు. ఇంత సంతోషంగా ఉన్న మనిషికి బస్టాండులో నిలబెట్టి ఎలా చెప్పను అనుకున్నాను. అదీ పూర్తి నిజం కాదు. చెబితే, నువ్వే కదా వద్దన్నావు అంటుందని భయం వేసింది. ఇంతలో రాజాం బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. అక్క కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకుని, ఎక్కి కూర్చుని, బస్సు కదులుతుంటే కిటికీ చట్రం మీద మోచెయ్యి ఆన్చి చెయ్యి నిలువుగా నిలబెట్టింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ గరిటె కనిపిస్తూనే ఉంది.

ఫలితాలు చూడమని కూడా నన్నే అడిగింది, ఇంకెవర్ని అడుగుతుంది? ఆసుపత్రి కంప్యూటర్లోనే చూశాను. సున్నా ఉంది. ఆ అంకె ఆమెకి చెప్పలేదు. చెబితే, అన్నీ తెలిసిన ప్రశ్నలకి సున్నా ఎలా వస్తుందని అడుగుతుంది. లిస్టులో నీ నంబరు లేదక్కా అని మాత్రం చెప్పాను.

ఫోనులో తనే అంది. “మరేటి సేత్తాం. అన్నీ తెలుసననుకున్నాను సూడు. తెలుసననుకోడమేగానీ తెల్నట్టే. నా బుర్రంతే, సెల్లీ. నువ్వు బాధ పడకు.”

నన్ను ఓదార్చి ఫోను పెట్టేసింది.

మరుసటి ఏడు మళ్ళీ పోస్టులు పడ్డాయి. ఆమెకి వయసు ఉండగా అదే ఆఖరి అవకాశం. ఫోను చేసి చెప్పాను, రాయమని బతిమాలాను. “ఒద్దులే, సెల్లీ. రానోలం రానట్టుండాల” అంది. పోయినసారి జవాబులన్నీ నీకు వచ్చినవే అక్కా, మిషన్లోకి ఎక్కలేదంతే, సేవ్ నొక్కొద్దని నేర్పింది నేనే. ఇంతే చెప్పాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది. ‘నీ ఇష్టం అక్కా’ అన్నాను. నోరు ఆగదని పేరున్నదాన్ని, నోరు అవసరమైన చోట పెదవి కదపలేకపోయాను. ఆమె బుర్ర మీద ఆమెకి నమ్మకం పోవడానికి ఎన్నేళ్ళు కష్టపడి ఎవరెవరు కారణమయ్యారో నాకు తెలియదు. ఆఖరి దెబ్బ మాత్రం నాది.

నా పెళ్ళి కుదిరినప్పుడు కార్డు ఇవ్వడానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఈసారి చెప్పేసి వద్దామనే వెళ్ళాను. వెళ్ళే ముందు వయసు నిబంధన చూసుకున్నాను కూడా, ఒక్క అవకాశమైనా మిగిలిందేమోనని. దాటి ఏడాదయిపోయింది. అయినా వెళ్ళాను.

అక్క బడిలో ఉందన్నారు. మధ్యాహ్న భోజనం వండే పనిలో చేరిందట. మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. బడి వెనక రేకుల పాకలో, పొగలో, పెద్ద డేగిసా ముందు నిలబడి ఉంది. నన్ను చూసి, “ఓలమ్మ! సెల్లీ!” అని తడిచేతులతోనే వాటేసుకుంది. పక్కన ఇంకో వంటామె కూరగాయలు తరుగుతోంది. పెళ్ళికొడుకు ఎవరు, ఏ ఊరు, ఏం చేస్తాడు, అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. కార్డు ఇచ్చాను. తర్వాత అక్కడే నిలబడి, నేల చూస్తూ, మొత్తం చెప్పేశాను. ఆకుపచ్చ సంగతి, ఎరుపు సంగతి, సున్నా సంగతి, కాంప్లెక్సులో నాకు తెలిసీ నోరు మూసుకున్న సంగతి. ఏడుపు వచ్చేసింది. తిట్టు అక్కా అన్నాను. నా వీపు మీద నాలుగు వేసినా బాగుండునని నిజంగానే అనుకున్నాను.

అక్క గరిటె డేగిసాలో వదిలేసి నా వైపు తిరిగింది.

“అయితే నాను ఎట్టిన సుక్కలన్నీ సరయినవేనా?”

“సరైనవే అయ్యుంటాయక్కా. అన్నీ తెలిసినవే అన్నావు కదా. మిషన్లోకి ఎక్కలేదంతే.”

“అంటే నాకు వచ్చు?”

“వచ్చక్కా. నీకన్నీ వచ్చు.”

అక్క ముఖమంతా విచ్చుకుంది. “ఒసే, ఇన్నావేటే!” అని పక్కామెని పిలిచింది. “నాకన్నీ వచ్చునంట! నంబరు రానేదనుకున్నాను ఇన్నాల్లూ, బుర్ర నేదనుకున్నాను. వచ్చునంట!” ఆమె కత్తిపీట వదిలి వచ్చింది. అక్క ఆమెకి మళ్ళీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది, చేతులు తిప్పుతూ, ఆదివారం కథ చెప్పినట్టు. ఎర్ర నంబర్ల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ కథలో తప్పు చేసినవాళ్ళు ఎవరూ లేరు. నా పేరు వచ్చిన చోట, “మా సెల్లి ఇప్పుడొచ్చి సెప్పింది, పాపం, ఎండలో పడి” అంది. నేను క్షమించమని అడగడానికి వెళ్ళాను. అక్కడ క్షమించాల్సింది ఒకటి ఉందని ఆమెకి తట్టనే లేదు.

పళ్ళెం కడిగి అన్నం పెట్టింది. పప్పు వెయ్యడానికి డేగిసా వైపు తిరిగింది. వదిలేసిన గరిటె వదిలేసిన చోటే, పప్పులో నిటారుగా నిలబడి ఉంది. నాకు ముద్ద దిగలేదు. “తిను, సెల్లీ. ఏడుపెందుకు? మంచి మాట సెప్పి ఏడుస్తావేటి?” అని కూర్చుని తినిపించినంత పని చేసింది.

ఆటో దాకా సాగనంపడానికి వచ్చింది. ఎక్కబోతుంటే, “అయితే సెల్లీ” అని ఆపింది. చూపుడు వేలు లేచింది. కాలేజీలో చెప్పుల దగ్గర మాట పుచ్చుకున్నాక మళ్ళీ ఆ వేలు లేవడం అప్పుడే చూశాను. గాల్లో ఆగింది. కళ్ళు నా మీద.

“మల్లా పోస్టులు పడితే, ఈపాలి సేవ్ నొక్కీమంతావా?”

వయసు దాటిపోయింది అక్కా అని చెప్పాలి. ఒక గంట కిందట మొత్తం చెప్పేశానని గుండె తేలిక చేసుకున్నదాన్ని. ఆ ముఖంలోకి చూసి చెప్పలేకపోయాను.

“నొక్కక్కా” అన్నాను.

“అయితే పడినప్పుడు నాకు సెప్పాల మరి. నీ మీదే భారం” అంది.

నా పెళ్ళికి వచ్చింది, నీలం చీరలో. ఆ తర్వాత నెలకో రెండు నెలలకో ఫోను చేసేది. ఈ మధ్యలో నిజంగానే ఒకసారి పోస్టులు పడ్డాయి. నేను చెప్పలేదు. చెబితే వయసు సంగతి చెప్పాలి. మొదటిసారి నోరు మూసుకుని ఆమె అవకాశం పోగొట్టాను. రెండోసారి నోరు మూసుకుని, ఆమెకి లేని అవకాశం ఉన్నట్టు ఉంచాను. ఇందులో ఏది ఎక్కువ పాపమో తేల్చుకోలేక ఆ ఫొటో దగ్గరే ఆగిపోయాను. అందరిలా దండం బొమ్మ పెట్టి చేతులు దులుపుకోవడం నా వల్ల కాలేదు.

ఆఖరిసారి మాట్లాడింది తొలకరి వానలప్పుడు. వెనక బడి పిల్లల గోల వినిపిస్తోంది, పళ్ళేల చప్పుడు కూడా.

“పడినాయేటి, సెల్లీ?”

“ఇంకా లేదక్కా.”

“పడతాయిలే. నాను సదువుతన్నాను. ఈపాలి నిన్నడగను కూడా అడగను సూడు, నానే నొక్కీస్తాను.”